పార్సిల్ మీద రెండు పేర్లు

పిన్నీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే శ్రీధర్, నేనూ మోరిస్‌విల్‌లో లాయర్ దగ్గరికి వెళ్ళాం. నా చదువైపోయింది కదా, పెళ్లి కాకపోయినా అతనితో ఇక్కడే అమెరికాలో ఉండటానికి విజిటర్ వీసాకి అప్లై చేస్తున్నాను. కలిసి ఉంటున్నట్టు ప్రూఫ్ కావాలట.

ఎక్కణ్ణుంచి తేను? రెండేళ్లుగా అమ్మకి పంపిన ప్రతి ఫోటోలోనూ అతన్ని కట్ చేశాను. లీజులో నా పేరు పెట్టనివ్వలేదు. అమ్మ వీడియో కాల్ చేస్తే చలిలో కూడా అతను బాల్కనీలో నిలబడేవాడు. మా సంగతి తెలిసింది నీకొక్కదానికే.

"కోర్టులో పెళ్లి చేసేసుకోండి, ఈ గొడవుండదు," అన్నాడు లాయర్.

"మా పెళ్లి మాకు చేసుకోవాలనిపించినప్పుడు చేసుకుంటాం. వీసా వాళ్లకి కాగితం కావాలని కాదు," అన్నాను.

ఇంటికొచ్చి, పారెయ్యలేక దాచుకున్న నీ గోంగూర పచ్చడి పార్సిళ్ల అట్టలు బయటికి తీశాను. ప్రతి అట్ట మీదా నీ వంకర ఇంగ్లీషు అక్షరాల్లో మా ఇద్దరి పేర్లూ, ఒకే అడ్రసు, పక్కన కొరియర్ వాడి తేదీ ముద్ర. ఫైల్లో అన్నిటికన్నా పైన అవే పెట్టాను.

పెట్టేముందు వాటిని పట్టుకుని ఇద్దరం ఫోటో దిగాం. అమ్మకి పంపేశాను పిన్నీ. ఈసారి కట్ చెయ్యలేదు.