ప నుంచి బాకీ

8-7-1996, సోమవారం

లేచింది 4.40. కొళాయి నీళ్ళు 5.10 నుంచి 5.50, పదకొండు బిందెలు. ఇడ్లీ రెండు వాయిలు. మా వారికి జనరల్ షిఫ్ట్, క్యారియర్ 7.10కి కట్టాను. దుప్పట్లు మూడు ఉతికాను. కందిపప్పు ఏరి ఎండబెట్టాను. పాలు రాలేదు.

పాలు రాకపోవడం ఇదే మొదటిసారి. కాలనీ వెనక ఊరి కౌసల్యమ్మ నాలుగేళ్ళుగా మా లైనుకి పాలు పోస్తోంది. పోయినేడు ఆడవాళ్ళ రిజర్వేషన్‌లో సర్పంచి అయింది. అయినా పాల క్యాను వదల్లేదు. పక్కింటి బుల్లెమ్మ గారు రోజూ, సర్పంచి గారూ, నీళ్ళు కాస్త తగ్గించి కలపండి అని వేళాకోళం ఆడతారు. నేనేడ కలుపుత అమ్మా, మా బర్రెనే కడుపుల కలుపుకొని ఇస్తది అంటుంది ఈమె.

11.20కి వచ్చింది. క్యాను లేదు. చేతిలో జిరాక్స్ కాగితం. ఆ ఊరి పుష్పమ్మ బర్రెలు రెండు వాగు నీళ్ళు తాగి నిన్న చచ్చిపోయాయట. ఆడవాళ్ళంతా కౌసల్యమ్మ ఇంటి ముందుకు వచ్చి, సంతకం పెట్టినదానివి నువ్వే, ఇగ నువ్వే తాగు గా నీళ్ళు అని వాగు నీళ్ళు చెంబుతో తెచ్చి గడప మీద పెట్టారట.

గిది నా సంతకమేనా సూడు టీచరమ్మా అంది. చూశాను. ఆమెదే. మ్మ రాసేటప్పుడు నాకు ఒత్తు కాస్త కుడికి జారుతుంది. ఆమెకూ జారింది.

పైన ఏం రాసిండ్రు అంది. చదివాను. పంచాయతీ తీర్మానం. ఫ్యాక్టరీ వారు శుద్ధి చేసిన నీటిని వాగులోకి వదులుకొనుటకు గ్రామ పంచాయతీకి అభ్యంతరం లేదు. ఇంకోసారి చదవమంది. చదివాను. శుద్ధి అంటే ఏంది అంది. శుభ్రం చేయడం అన్నాను. మా ఆయన తెచ్చిండు, నేను పాలు పిండుతున్న, చెయ్యి కొంగుకు తుడుసుకొని పెట్టిన, సంతకం పెట్టినప్పుడల్లా ఎంత మురిసిపోతుంటినో అంది.

ఆమె భర్త మొగులయ్య. ఆ ఫ్యాక్టరీకి కూలీలను పంపే కాంట్రాక్టు అతనిదే.

ఆమె వెళ్ళాక అన్నం దింపడం మరిచిపోయాను. మాడింది.

11-7-1996

ఇది ఇంతవరకు ఎక్కడా రాసుకోలేదు.

1993లో వెనక ఊరి బడి వరండాలో అక్షరాస్యత కేంద్రం. మధ్యాహ్నం 2 నుంచి 4. ముప్ఫై మంది ఆడవాళ్ళు. నేను వాలంటీరు. ఎవరు ఏ రోజు వచ్చారు, ఎవరికి ఏ అక్షరం దాకా వచ్చింది, అంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసేదాన్ని. వరి కోతలు రాగానే సగం మంది మానేశారు. కౌసల్యమ్మ న దగ్గర ఆగిపోయింది. అంతలో సంగారెడ్డి జిల్లా ఆఫీసు నుంచి పెద్దలు చూడటానికి వస్తున్నారని కబురు. మండలం కోఆర్డినేటర్ వచ్చి, అమ్మా, మిగతావి తర్వాత చూసుకుందాం, ముందు సంతకాలు నేర్పేయండి, ఆ రోజు వేలిముద్ర వేసే మనిషి ఒక్కరు కూడా కనపడకూడదు అన్నారు.

మానేసినవాళ్ళనూ పిలిపించి పన్నెండు రోజుల్లో ముప్ఫై సంతకాలు నేర్పాను. ముగ్గు నేర్పినట్టే నేర్పాను. పలక మీద నేను చుక్కలు పెట్టడం, వాళ్ళు కలపడం. ముగ్గు వేసే చేతులు కదా, తొందరగానే వచ్చేశాయి. పేరులో ఏది ఏ అక్షరమో ఎవరికీ తెలియదు. అడిగిన వాళ్ళూ లేరు.

ముప్ఫైకి ముప్ఫై మంది అక్షరాస్యులు అని ఫారం నింపి కింద నా సంతకం పెట్టాను. స్టేజి మీదికి పిలిచి స్టీలు డబ్బా ఇచ్చారు. మూత మీద నా పేరు, పక్కన 30/30 అని చెక్కించారు. కందిపప్పు అందులోనే పోస్తాను.

తర్వాత చూసుకుందామన్న మిగతావి నేను చూసుకోలేదు.

14-7-1996

తెల్లవారినప్పటి నుంచి కిటికీలు మూసే ఉన్నాయి. ఫ్యాక్టరీల వాసన. కళ్ళు మంట.

19-7-1996, శుక్రవారం

బిందెలు తొమ్మిదే. మధ్యలో కొళాయి ఆగింది. మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టాను.

2.30కి కౌసల్యమ్మ వచ్చింది. చంకలో పలక. ప నుంచి బాకీ ఉన్నవ్ టీచరమ్మా, నా అచ్చరాలు నాకిచ్చెయ్ అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

అటక మీద నుంచి పాత లాంగ్ నోట్‌బుక్ దింపాను. పదిహేడో పేజీ ఆమెది. ప నుంచి ఱ వరకు లెక్కపెడితే పదహారు. ఆ తర్వాత గుణింతాలు, ఒత్తులు. రోజూ 2.30 నుంచి 3.30 అనుకున్నాం.

30-7-1996

స దాకా వచ్చాం. నేను రాసి చూపించగానే పలక లాక్కుంది. గిది నా పేర్ల ఉన్నది గదా అంది. తన పేరు రాసుకొని, ఒక్కొక్క దాని మీద వేలు పెట్టి క, స, ల, య, మ అని విడదీసింది. ఇన్నొద్దులు నేను గీతలు గీసిన, పేరు రాయలే అంది.

టీ పెట్టి ఇచ్చాను. చల్లారిపోయింది.

15-8-1996

వెనక ఊరికి వెళ్ళాను. మా వారు వద్దన్నారు. అయినా వెళ్ళాను.

పోయినేడు జెండా మొగులయ్య ఎగరేశాడు. ఏడాదిగా పంచాయతీ ఆఫీసులో సర్పంచి కుర్చీలో కూర్చునేదీ అతనే. ఊళ్ళో సర్పంచి సాబ్ అంటే అతనే. ఈసారి అతను వచ్చేసరికే కౌసల్యమ్మ తాడు పట్టుకొని నిలబడి ఉంది. ఎగరేసింది. లోపలికి వెళ్ళి కుర్చీ బయటికి తెచ్చుకొని కూర్చుంది. ఇగ నుంచి ఏ కాయితమొచ్చినా బేస్తారం నాడు ఆడోళ్ళ ముంగట సదువుతం, సదివినంకనే నా సంతకం అంది. వెనక నుంచి ఎవరో, మరి మొగోళ్ళం మేమేం జెయ్యాలె అన్నాడు. బర్రెల పాలు పిండుండ్రి, గది ఇగ నాకు తీరదు అంది.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మొగులయ్య చేతులు కట్టుకొని గోడకు ఆనుకొని ఉన్నాడు. అతన్ని చూశాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

5-9-1996, గురువారం

దోసెల పిండి రుబ్బాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. 2 గంటలకు పంచాయతీ ఆఫీసు.

ఇది మూడో బేస్తారం మీటింగ్. నలభై మంది వచ్చారు. గడ్డపోతారం వైపు నుంచి కూడా ఐదుగురు, మా ఊళ్ళ సుత గిట్ల పెట్టుకుంటం, ఎట్ల చేస్తరో చూద్దామని వచ్చినం అన్నారు. కౌసల్యమ్మ వేలు పెట్టి చదువుతుంది. ఒత్తుల దగ్గర ఆగి నా వైపు చూస్తుంది. నేను పెదాలు కదిపితే అందుకుంటుంది.

ఇళ్ళ జాగాల కాగితాలు పదకొండు వచ్చాయి. పదకొండూ మగవాళ్ళ పేర్ల మీదే. అలికేదెవలు, పొయ్యి పెట్టేదెవలు, ఆడామె పేరు పక్కన రాయకుంటే నేను సంతకం పెట్ట అని సెక్రటరీ వెంకటేశం చేతికి తిరిగి ఇచ్చింది. గట్ల రాయాలని రూల్ లేదక్కా అన్నాడతను. రాయద్దని రూల్ ఉంటె తే, నేనే సదువుకుంట అంది. అతను తేలేదు. సాయంత్రానికి పదకొండింట్లోనూ భార్యల పేర్లు చేర్చారు. తమ పేరు ఎక్కడుందో చూపించమని ఆడవాళ్ళు నా చుట్టూ మూగారు. నేనే చుక్కలు పెట్టి నేర్పిన పేర్లు. చూపించాను.

పుష్పమ్మ మొదటి రెండు వారాలు రాలేదు. ఇవాళ వచ్చి వెనక కూర్చుంది. అందరూ లేచేటప్పుడు, మరి నా బర్రెలో అంది. గా తీర్మానం రద్దు చెయ్యమని సంగారెడ్డికి రాస్త, నా చేత్తోనే రాస్త అని కౌసల్యమ్మ అందరి ముందూ చెప్పింది.

12-9-1996

మా వంటింట్లో కూర్చొని అర్జీ రాసింది. తొమ్మిది లైన్లు, రెండు గంటలు. తప్పులు దిద్దనా అన్నాను. సమజైతదా అంది. అవుతుంది అన్నాను. అయితే ఉండనీ అంది.

24-9-1996

పాలు రాలేదు.

25-9-1996

కుడి చెయ్యి. మణికట్టు దగ్గర విరిగింది. మోచేతి దాకా పిండికట్టు. కొట్టంల జారి పడ్డ అంది. జారి పడితే వేళ్ళ మీద చెప్పు అచ్చు పడదు.

అర్జీ మీద విచారణకు అక్టోబరు పదిన ఆఫీసరు వస్తున్నాడట. కాంట్రాక్టు పోతదని మా ఆయన భయం అంది. రాయకుంట చేసిండు, సదవకుంట జెయ్యలేడు గదా అంది. పుస్తకం తియ్యమంది. ఇవాళ ష ఒత్తు చెప్పాను.

7-10-1996

బియ్యంలో పురుగు. మూడు చేటలు చెరిగాను. చేయి ఆడుతోంది గానీ ధ్యాస లేదు.

ఊరి ఆడవాళ్ళంతా కౌసల్యమ్మకు ఒకటే మాట చెబుతున్నారు. గా సంతకం నాది కాదు, దొంగ సంతకం అని చెప్పు, పీడ పోతది అని. మా వారు కూడా అదే అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. సంతకం నాదే, నాకు సదువు రాకుంట పెట్టిన, గంతే చెప్త అంది.

ఆమె అలా చెబితే 1993లో నేనిచ్చిన ఫారం అబద్ధం. ఆమెకు ఆ సంగతి తెలుసు. నన్ను రమ్మని అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేదాన్ని.

వెళ్ళి చెప్పనా అని మా వారితో అన్నాను. మనకెందుకే ఆ గొడవ, బతకడానికొచ్చినోళ్ళం, ఆ డబ్బా ఇచ్చినోళ్ళే రేపు నీ మెడకి చుడతారు అన్నారు. తప్పు మాటేం కాదు.

నోట్‌బుక్‌కి అట్ట వేశాను.

10-10-1996, గురువారం

లేచింది 4.40. బిందెలు పదకొండు. పులిహోర చేసి మూత పెట్టి వెళ్ళాను. తిరిగి వచ్చింది 5.15.

పంచాయతీ ఆఫీసు నిండిపోయింది. సంగారెడ్డి ఆఫీసరు, ఒక గుమాస్తా. కౌసల్యమ్మ అనుకున్నట్టే చెప్పింది. సంతకం నాదే, అప్పుడు నాకు సదువు రాదు, మా ఆయన తెస్తే ఏం రాసుందో తెల్వకుంట పెట్టిన, గది నా తప్పు, రద్దు చెయ్యిండ్రి.

ఆఫీసరు ఇంకో ఫైలు తీశారు. 1993 జాబితా. వరుస సంఖ్య పదిహేడు, కౌసల్యమ్మ, అక్షరాస్యురాలు. రికార్డు ప్రకారం నీకు మూడేళ్ళ కిందటే చదువొచ్చు, తెలిసే సంతకం పెట్టావు అన్నారు.

నేను లేచాను. ఆ జాబితా తప్పు, రాసింది నేనే అన్నాను. పదిహేడో పేజీ తెరిచి ఇచ్చాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి చూశారు. ఇది మీ ఇంటి పుస్తకం, అది ప్రభుత్వ రికార్డు అన్నారు. మళ్ళీ, ఇంత శుభ్రంగా లెక్క రాసుకునే మనిషి తప్పు లెక్క ఎలా ఇచ్చారమ్మా అన్నారు. గుమ్మంలో నుంచి మొగులయ్య, పప్పు డబ్బకు అమ్ముడుపోయింది సారూ అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. నేను సంతకాలు నేర్పిన ముప్ఫై మందిలో పుష్పమ్మ కూడా ఉంది. ఆమె నవ్వలేదు. నన్నే చూస్తూ ఉంది. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

గుమాస్తా వాంగ్మూలం రాశాడు. నాలుగు పేజీలు. చదివి వినిపించబోతే కౌసల్యమ్మ, ఇటియ్యి అని ఎడమ చేత్తో తీసుకుంది. నాలుగు పేజీలూ గట్టిగా చదివింది. పావుగంట పట్టింది. రెండో పేజీలో ఆగింది. నా ఇంటాయన చెప్పంగ పెట్టిన అనలే నేను, తెస్తే పెట్టిన అన్న, సక్కగ రాయి అంది. గుమాస్తా కొట్టేసి రాశాడు.

కుడి చేతికి పిండికట్టు. ఎడమ బొటనవేలు ఇంకులో ముంచి వేసింది. గుమాస్తా దాని కింద ఒక లైను రాశాడు. ఆమె వంగి అది కూడా చదివింది. నిరక్షరాస్యురాలు, చదివి వినిపించగా ఒప్పుకొని వేలిముద్ర వేసినది.

గిది తప్పు రాసినవ్ కొడుకా అంది. వేలిముద్ర వేస్తే కింద అదే రాస్తమమ్మా, అందరికీ అదే అన్నాడు. ఆఫీసరు సంతకం పెట్టారు. ఫైలుకు తాడు కట్టారు. కట్టలో అక్షరాస్యురాలని ఒకటి, నిరక్షరాస్యురాలని ఒకటి, రెండు కాగితాలూ ఉన్నాయి.

ఇంటికొచ్చి కందిపప్పు ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. స్టీలు డబ్బా తోమి బోర్లించాను. తిరిగి ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఇంకా గట్టు మీదే ఉంది.

21-11-1996, గురువారం

బిందెలు పదకొండు. పాల ప్యాకెట్లు రెండు.

పంచాయతీ ఆఫీసుకు కొత్త తాళం. మీటింగ్ మెట్ల మీద. ఏ కాగితమైనా గురువారం చదవాలని నియమం కనుక కౌసల్యమ్మ సంగారెడ్డి నుంచి వచ్చిన ఆర్డరు చదివింది. తెలిసే సంతకం పెట్టి తెలియదన్నందుకు సర్పంచి పదవి నుంచి ఆమెకు ఆరు నెలలు సస్పెన్షన్. తీర్మానం అమలులోనే ఉంటుంది. పుష్పమ్మ ముందు వరుసలో కూర్చొని విన్నది.

ఒత్తుల దగ్గర ఆగలేదు. నా వైపు చూడలేదు.

ప నుంచి ఱ వరకు, పదహారు. చెల్లు.