ఎడమ పక్కది నొక్కు చాచా

నందికొట్కూరు,
ఆదివారం.

చిరంజీవి ఉమామహేశ్‌కు బాషా స్టూడియో ఇమాం బాషా దువాలు.

ఈ ఉత్తరం రాయకుండా ఉందామనే అనుకున్నాను. మొన్న జైలుకు ములాఖత్‌కు వచ్చినప్పుడు జాలీకి అటు నువ్వు, ఇటు నేను, నా పక్కన ఇంకో పదిమంది, అందరం ఒకేసారి అరిచినాము. నాకు వినపడింది పక్కాయన ఎద్దుల సంగతి ఒక్కటే. ఎద్దులు బాగున్నాయంట. నీ సంగతి తెలియలేదు. ఇంటికొచ్చి కూర్చున్నాక, అడగాల్సింది అడగనే లేదని గుర్తొచ్చి కాగితం తీసినాను. క్షేమమా అని అడిగే చోటు కాదు కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను.

కర్నూలులో నీ లాయరు భూపేష్‌ను కలిసినాను. మనిషి మంచివాడే, కాకపోతే మనతో మాట్లాడుతూ ఫోన్ వైపు చూస్తాడు. విత్తనాల గోడౌను తగలబడిన మధ్యాహ్నం దాని ముందర నీ బండి నిలబడి ఉండడం జనం చూసినారు. వాచ్‌మన్ ప్రేమయ్య కాళ్లు కాలి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. "మా వాళ్లు చూసినారు, మీ వాళ్లు చూసినారు అంటే కుదరదు పెద్దాయనా. ఆ టైములో పిల్లోడు పెండ్లిలో ఉండాడని చూపించే బొమ్మ ఒకటి తెచ్చియ్. కేసే నిలబడదు" అన్నాడు.

బొమ్మ ఉంది కదా. ఆ రోజు మన స్టూడియో తీసిన షాహనా పెళ్లి వీడియో. మావాడు ఫారూఖ్ కెమెరా పట్టినాడు, నువ్వు లైటు పట్టినావు. మగవాళ్ల వైపు ఏదో ఒక మూల నువ్వు పడకుండా పోవు. పలావు దగ్గరైనా పడి ఉంటావు. కానీ ఆ వీడియోను ఇంతవరకు ఎవరూ చూడలేదు. కెమెరా కొత్తది, కంప్యూటర్ ముసలిది. కొత్తది తీసిన బొమ్మను పాతది తెరవనంటోంది. నువ్వు దాంట్లోకి ఎక్కించి, కెమెరా ఖాళీ చేసి, "రేపు సిస్టమ్ మారుస్తా చాచా" అన్నావు. ఆ రేపు తెల్లవారగానే నిన్ను తీసుకుపోయినారు.

మన కంప్యూటర్ ఇప్పుడు ఎట్లుందంటే, దాని ఫ్యాను చప్పుడు విని పిండిమర అనుకొని ఒక ముసలమ్మ జొన్నలు తీసుకొని లోపలికి వచ్చింది. ఎండలకు దాని మీద తడిగోనె కప్పుతున్నాను.

కర్నూలు షాపువాడు "డబ్బా ఈడ పెట్టి పోండి" అన్నాడు. ఎట్లా పెట్టేది? ఆడవాళ్ల వైపు మా కోడలు ఫిరోజా తీసిన బొమ్మలు కూడా దాంట్లోనే ఉన్నాయి. షాహనా నానమ్మ నన్నీ బీ నా చేత మాట తీసుకుంది. "ఆడోళ్ల బొమ్మలు నీ గడప దాటినాయంటే, బాషా, నేనొచ్చి మీ ఇంట్లోనే కూసుంటా" అంది. ఆమె కూర్చుంటే లేవదు. అందుకని పరాయి చేతికి ఇవ్వలేను.

ఫారూఖ్‌ను చేయమంటే దాన్ని తాకడు. "పాత సామాన్లోనికి ఏసేయ్ అబ్బా" అంటాడు. పత్తి విత్తనం మొలవక చేను బీడు పడినప్పటి నుంచి వాడికి దేని మీదా మనసు లేదు. ఆ గోడౌను విత్తనమే అది. ఊరి చేలన్నీ అట్లాగే ఉన్నాయి అనుకో.

కాబట్టి కొత్త సిస్టమ్ ఎట్లా వేయాలో నువ్వే వరుసగా రాయి. నేను బడికి పోయినవాణ్ణి కాను. గోడల మీది పోస్టర్లు చూసి తెలుగు నేర్చుకున్నాను, మసీదులో కూర్చొని ఉర్దూ నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలను నేను గుర్తుపడతాను గానీ అవి నన్ను గుర్తుపట్టవు. అది మనసులో పెట్టుకొని రాయి. వాయిదా దగ్గర పడుతోంది.

ఇట్లు, గోనె తడుపుతూ,
నీ చాచా.

తా.క. మీ అమ్మ సిద్దమ్మ మా ఇంట్లోనే తింటోంది. ఫిరోజా వంటలో ఉప్పు లేదని రోజూ చెబుతోంది. అంటే బాగానే ఉంది.

*

గౌరవనీయులైన చాచాకు ఉమామహేశ్ నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఈడ వేళకు అన్నం పెడతారు. ఉప్పు ఉంటుందని అమ్మకు చెప్పు.

వీడియో కోసం అంత తిప్పలు పడొద్దు చాచా. లైటు పట్టేవాడు లైటు వెనకాల ఉంటాడు, వాణ్ణి ఎవరు చూస్తారు? అయినా నువ్వు వినవని తెలుసు. చేసేదేదో పద్ధతిగా చెయ్.

నా సంచిలో నల్ల పెన్‌డ్రైవ్ ఉంది. కొత్త సిస్టమ్ దాంట్లోనే ఉంది. అది గుచ్చి, కంప్యూటర్ వెయ్యగానే ■■■ మీట గబగబా నొక్కు. తెర మారుతుంది. అందులో ■■■■■ ■■■ అని ఉండే వరుస మీదికి పోయి ■■■■■ కొట్టు. కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. వాటికి నీకు తోచింది చెప్పు. చివర్లో మాత్రం జాగ్రత్త. ■■■■ నొక్కకూడదు, ■■■■■ నొక్కాలి. తారుమారు చేయొద్దు.

తడిగోనె వెంటనే తీసెయ్.

ఇట్లు,
ఉమామహేశ్.

తా.క. ఫారూఖ్ ఎట్లుండాడు? ఒకసారి ములాఖత్‌కు రమ్మను.

(కింద వేరే చేతిరాత) ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉన్న చోట సిరా పూసినది నేను. సంకేతాలకు అనుమతి లేదు. గోనె విషయంలో మాత్రం ఇతను చెప్పింది వినండి, కరెంటుతో ఆటలా. — లేవి, వార్డర్.

*

నందికొట్కూరు,
శుక్రవారం.

చిరంజీవి ఉమామహేశ్‌కు దువాలు. లేవిగారికి ఆదాబులు, ముందు ఆయనే చదువుతాడు కాబట్టి.

నీ ఉత్తరం చూసి మొదట చావు కబురేమో అనుకున్నాను, అంత నలుపు ఉంది దాంట్లో. తర్వాత కూర్చొని ఆలోచించినాను. మొదటి మచ్చ వెడల్పును దారంతో కొలిచి, కీబోర్డు మీద ఒక్కో మీట పేరుకూ ఆ దారం పెట్టి చూసినాను. నీ చేతిరాతకూ కీబోర్డు అచ్చుకూ సాపత్యం ఏముంది? ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది. ఇక కంప్యూటర్‌ను ఆర్పడం, వేయడం, తస్బీ పూసలు తిప్పినట్టు ఒక్కో మీటా నొక్కుకుంటూ పోవడం.

ఒక మీటకు అది కూతపెట్టింది. ఒక మీటకు దాని గడియారం వెనక్కి పోయి నా నిఖా కంటే ముందటి తేదీ చూపించింది. ఆ తేదీని కాసేపు అట్లాగే ఉంచుకున్నాను.

చివరకు తెర మారింది. ఏ భాషలో మాట్లాడమంటావని అడిగింది. నా పెళ్లిలో ఖాజీ కూడా నన్ను ఇంత మర్యాదగా ఏమీ అడగలేదు. జవాబు చెప్పినాను. ఊరు అడిగింది, చెప్పినాను. ఆ తర్వాత పక్కపక్కన రెండు పెద్ద గళ్లు వచ్చి నిలబడినాయి. వాటిలో ఉన్న మాటలు నాకు నోరు తిరగలేదు. నొక్కకూడనిది ఏదో, నొక్కాల్సింది ఏదో, నీ కాగితంలో రెండింటికీ సిరా సమానంగానే పడింది. పొరపాటున వీడియో పోతే నీ బతుకు పోతుంది. చేయి వెనక్కి తీసుకున్నాను.

నీ జవాబు వచ్చేదాకా దాన్ని ఆర్పను. ఇన్వర్టరు దానికే ఇచ్చి, కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్యాన్లు ఆపుకుంటున్నాము. సిద్దమ్మ విసనకర్ర పట్టుకొని కూర్చుంది. నాకు విసురుతుందేమో అనుకున్నాను. కంప్యూటర్‌కు విసురుతోంది. "నా కొడుకు దాంట్లో ఉండాడు కదప్పా" అంది.

ఫారూఖ్‌ను నీ దగ్గరికి పొమ్మంటే జ్వరం అంటాడు. నుదురు ముట్టి చూస్తే నాకంటే చల్లగా ఉన్నాడు.

ఇట్లు, రెండు గళ్ల ముందర కూర్చొని,
చాచా.

తా.క. లేవి అప్పా, మీకు సిరా ఎవరు సరఫరా చేస్తారోగానీ అసలైన సరుకు. ఎండకు పట్టి చూసినాను, కిరసనాయిలు రాసి చూసినాను. ఏమీ కనపడలేదు.

*

చాచాకు ఉమామహేశ్ నమస్కారాలు.

ఈసారి సిరా పడకుండా రాస్తాను. పక్కపక్కన రెండు గళ్లు ఉన్నాయి కదా. ఎడమ పక్కది నొక్కు చాచా. మళ్లీ అడుగుతుంది, మళ్లీ ఎడమ పక్కదే నొక్కు. కుడి పక్కది ముట్టుకోవద్దు. ఏదైనా హెచ్చరిక వచ్చినా భయపడొద్దు, ఆపొద్దు.

యంత్రం కదా, ఏమైనా పోతే పోయింది అనుకో. అట్లా పోతే తప్పు ఉమామహేశ్‌దని నన్నీ బీకి చెప్పు. బయటికి వచ్చినాక ఆమె కాళ్లు నేనే పట్టుకుంటా. లాయరుకు ఇంకేదైనా దారి దొరకకుండా పోదు.

ప్రేమయ్య నడుస్తాండాడా? ఎవరైనా చూసి వచ్చి ఉంటే రాయి.

ఫారూఖ్ రాకుంటే పోనీలే. ఫిరోజాకు నెలలు నిండుతున్నాయి కదా, ఆమెను బరువులు ఎత్తనీయొద్దు.

ఇట్లు,
ఉమామహేశ్.

(కింద వేరే చేతిరాత) ఈసారి సిరా పనేమీ పడలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇతను శానా కాగితాలు చించినాడు, ఎందుకో తెలియదు. మాది కమలాపురం. మా ఇంట్లో కూడా ఇట్లాంటి పాత డబ్బా ఒకటి ఉంది. మీది బాగుపడితే ఏం చేసినారో రాయండి. — లేవి.

*

నందికొట్కూరు,
గురువారం.

చిరంజీవి ఉమామహేశ్‌కు చాచా రాయునది.

ఎడమ పక్కదే నొక్కినాను. మళ్లీ అడిగితే మళ్లీ ఎడమ పక్కదే. కంప్యూటర్ ఒక పూటంతా గురక పెట్టి లేచింది. ముసలోడికి పళ్లు కట్టించినట్టుంది. నవ్వు బాగుంది, నమలడానికే టైం పడుతోంది.

అది గురక పెడుతుండగా ఫిరోజా టీ తెచ్చి తెర వైపు చూసింది.

"ఏంది మామా, ఉర్దూలో పెట్టినారు?"

"నాకు వచ్చిన భాష అదొకటే కదమ్మా దాంట్లో. తెలుగు యాడుందో కనపడలేదు."

"పాతవన్నీ భద్రంగా ఉంచుతాండానని రాస్తాండాది."

అక్షరాలైతే నేను చదువుతాను నాయనా, కానీ అది రాసేది దర్బారులో మాట్లాడే ఉర్దూ. ఫిరోజా ఉర్దూ బడిలో చదివింది. ముందే అడిగి ఉండవచ్చు. మామను కదా, అడగలేదు. రెండు గళ్లు వచ్చిన రోజు తెరను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను. ఫోటోలవాణ్ణి, అలవాటు. అది చూపించినాను. ఎడమ గడిలో ఉన్నవి ఉంచు అని ఉందంట. కుడి గడిలో అంతా తుడిచి కొత్తగా వెయ్ అని ఉందంట.

"సరిగ్గానే చెప్పినాడు ఉమా" అన్నాను.

"ఉర్దూ పెడితే తెర అంతా కుడి నుంచి మొదలవుతాది మామా. ఇంగ్లీషులో ఎడమకుండేది ఈడ కుడికొస్తాది" అంది. అనేసి నా మొహం చూసి, టీ అక్కడ పెట్టి లోపలికి పోయింది.

నేను టీ తాగలేదు. నువ్వు ఎడమ కుడి తప్పేవాడివి కాదు. నేను ఉర్దూ పెట్టినానని నీకు తెలియదు. అంటే నా చేత ఏం నొక్కించాలనుకున్నావో అర్థమైంది. ఎందుకో అర్థం కాలేదు. వీడియో తెరిచినాను.

మొదట ఫారూఖ్ మొహమే, తెర నిండా. చొక్కా కొసతో అద్దం తుడుస్తున్నాడు. పక్క నుంచి నీ గొంతు, "యాడికి పోతాండావురా?" అని. "ఈడికే. బండి తాళమియ్. నువ్వు పట్టుకో ఇది." తెర ఊగింది, కెమెరా నీ చేతికి వచ్చింది, వాడి వీపు గేటు దాటి పోయింది. అక్కడి నుంచి అంతా నువ్వే. "అప్పా, కొంచెం ఇటు తిరుగు." "అన్నా, ఆ ముక్క మింగినాక తీస్తాలే." "సర్ఫరాజ్, పెండ్లికొడుకువి నువ్వే, కొంచెం నవ్వు." కింద మూలలో టైము నడుస్తూనే ఉంది. గోడౌను తగలబడిన వేళకు నువ్వు పెళ్లికొడుకు మెడలో పూలు సరిచేయిస్తున్నావు. ఆ వీడియోలో ఒక్క చోటా నువ్వు కనపడవు. మొదటి నుంచి చివరిదాకా నువ్వే ఉన్నావు.

పలావు గిన్నెలు ఎత్తే వేళకు ఫారూఖ్ మళ్లీ తెరలోకి వచ్చినాడు. చొక్కా వేరేది.

వాణ్ణి పిలిచి కూర్చోబెట్టి మళ్లీ వేసినాను. సిద్దమ్మ విసురుతూనే ఉంది. వాడు తన వీపు గేటు దాటేదాకా చూసి, "ఆపు అబ్బా" అన్నాడు.

"ప్రేమయ్య లోపల పండుకోనుండాడని తెల్దు. గోనెసంచులే అనుకుంటి. చేను చూసి చూసి తల తిరిగిపోయింది."

"మరి ఉమా?"

"వాడు నా పేరు చెప్తాడని దినామూ ఎదురుచూస్తా ఉంటి. వాడు చెప్పలా. చెప్పలేదని నేనూ చెప్పలా."

కొట్టాలనుకున్నాను. వయసు మీద పడి చేయి లేవలేదని అబద్ధం రాయను, లేచింది. ఫిరోజా గుమ్మంలో నిలబడి ఉంది. దించుకున్నాను. సిద్దమ్మకు ఇదేమీ ఎక్కలేదు. "నా కొడుకు గొంతే కదా అది? మళ్లీ ఎయ్యి" అంది. మళ్లీ వేసినాను.

నువ్వు ఎందుకు నోరు మూసుకున్నావో అడగను. బండి ఇచ్చినవాడివి, పేరు ఇవ్వలేదు, అంతే. కానీ నా వేలితోనే నీ బతుకును తుడిపించాలని చూసినావు చూడు, దానికి మాత్రం నువ్వు బయటికి వచ్చిన రోజు చెవి మెలిపెడతాను. సిద్ధంగా ఉండు.

మగవాళ్ల వైపు బొమ్మలు ఒక్కటే ఫిరోజా విడిగా తీసి పెన్‌డ్రైవ్‌లో వేసింది. తన మొగుడు గేటు దాటే ముక్క కూడా కత్తిరించకుండా ఉంచింది. నిన్న ఫారూఖ్, ఫిరోజా, నేను ముగ్గురం కర్నూలు పోయినాము. భూపేష్ వీడియో మొత్తం చూసినాడు. ఫోన్ మోగినా తీయలేదు. నీ సంగతి ఇక చూసుకుంటానన్నాడు. ఫారూఖ్ తరఫున నిలబడతారా అని అడిగితే, ఒకే కేసులో ఇద్దరికీ నిలబడకూడదంట, వేరే లాయరు పేరు చెప్పినాడు. దారిలో ఆసుపత్రి దగ్గర ఆటో ఆపించినాను. ప్రేమయ్య కర్ర ఊతంతో నిలబడుతున్నాడు, నడవడం లేదు. ఫారూఖ్ వార్డు గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు. అక్కడి నుంచి పోలీస్ స్టేషన్ దగ్గరే. ఆటో వద్దని నడిచిపోయినాడు. మేమిద్దరం బస్సెక్కినాము.

ఇట్లు,
ఇమాం బాషా.

తా.క. లేవి అప్పా, మీ డబ్బాకు ఏ భాష పెట్టినా పెట్టుకోండి, ఎడమ కుడి నొక్కే ముందర ఇంట్లో కోడలుంటే అడగండి. ఈ ఉత్తరం మీద సిరా పూసినా నాకు అభ్యంతరం లేదు, ఇదంతా లాయరుకు, స్టేషన్‌కు చేరిపోయింది.

ఇంకో తా.క. ఇది రాస్తుండగా ఒకాయన పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినాడు. కొత్త కెమెరా పట్టేవాళ్లు లేరని చెప్పబోయినాను. ఫిరోజా నడుము పట్టుకొని లేచి వచ్చి తీసింది.