పుట్టిలో లైటు

మంగళవారం, అమావాస్య రాత్రి

సర్జాపుర చెరువు నుంచి ఇప్పుడే వచ్చాం. మా ఆయన పడుకున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు.

చీకటి రాత్రి కదా, లైటుకు చేపలు బాగా వస్తాయనుకున్నాం. ఎప్పటిలాగే ఇద్దరం ఎక్కాక నేను గుండ్రటి పుట్టి పడవను తెడ్డుతో చెరువు నడుమకు తోసి, బ్యాటరీ లైటు నీళ్ల మీదికి వేలాడదీశాను. కాసేపటికి వెలుగు చుట్టూ చేపలు మూగాయి. ఇక మా ఆయన వల విసరడమే తరువాయి.

"లైటు ఎందుకు ఆర్పినావు మే? ఎయ్యి," అన్నాడు.

లైటు మా ఇద్దరి మధ్యే వెలుగుతోంది.

నెల నుంచి గడప తట్టుకుంటున్నాడు, చెంబులు తన్నేస్తున్నాడు. నిద్ర చాలక అంటే నమ్మాను. నమ్మాలనే నమ్మాను.

"బ్యాటరీ అయిపోయిందప్పా," అన్నాను.

అన్న మాట నిజం చెయ్యడానికి లైటు ఆర్పేశాను. చేపలన్నీ చెదిరిపోయాయి. చెయ్యి పట్టుకుని ఆయన్ని గట్టెక్కించాను. చీకటి కాబట్టే పట్టుకున్నాననుకున్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడా?

ఎదురుగా అపార్ట్‌మెంట్ల దీపాలైనా కనబడుతున్నాయా అని అడగడానికి నోరు రాలేదు.

"బ్యాటరీకి నిండా ఛార్జింగ్ ఎక్కించు మే, రేపు మళ్లీ పోదాము," అని చెప్పి పడుకున్నాడు.

ఛార్జింగ్ పెట్టాను. తెల్లారేసరికి నిండిపోతుంది. రేపు ఏం చెప్పను?