రెండో రింగు

ఆదివారం, ప్రార్థన అయ్యాక

మా ఇంటి రేడియోకి,

అక్క దీవెనలు. నీ చిన్న చీటీ అందింది. జలుబు తగ్గలేదని, గొంతు పట్టేసిందని, అందుకే మాట్లాడటం లేదని రాశావు. వానలు మొదలైనప్పుడు పట్టిన జలుబు వానలు వెలిసినా పోలేదంటే నాకు నమ్మకం కుదరడం లేదు. తిండి మానేసినా మాట మానని దానివి నువ్వు. నాన్న నీకు ఊరికే రేడియో అని పేరు పెట్టలేదు. నిద్రలో కూడా నీ బళ్ళో పిల్లలకి పాఠం చెబుతావని మీ ఆయనే చెప్పాడు.

పొద్దున్నే నీ ఒక్క రింగు వస్తోంది. క్షేమమన్నమాట. దేవుడికి దండం పెట్టుకుంటాను. కానీ ఆ వెంటనే రావలసిన రెండోది ఏదీ? "తీరిగ్గా ఉన్నానక్కా, మాట్లాడుకుందాం" అనే ఆ రెండో రింగు కోసం ఫోను కుట్టు మిషను పక్కన పెట్టుకుని కూర్చుంటాను. ఆస్పత్రి గౌన్లకు నాడాలు కుట్టడం అయిపోతుంది, చిరిగిన దుప్పట్లకు మాసికలు వేయడం అయిపోతుంది, ఫోను మాత్రం మోగదు. నేను చేస్తే నువ్వు ఎత్తవు. మీ ఆయన ఎత్తి "పడుకుందండీ వదినగారూ" అంటాడు. ఎప్పుడు చేసినా పడుకునే ఉంటున్నావు.

ఇక ఇక్కడి సంగతి. తమ్ముడు ప్రెస్సు నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా మేడెక్కి నా గదికి వచ్చాడు.

"అక్కా, నీకు టచ్ ఫోను కొనాలి."

"నాకెందుకురా?"

"అందరికీ ఉంది."

"అందరికీ బీపీ కూడా ఉంది."

నవ్వలేదు. నా మాటకు వాడు నవ్వకపోవడం ఇదే మొదలు. "ఈ వారంలోనే కొనాలక్కా. నేనే చూసి కొంటాను, నువ్వు ఊరికే వచ్చి నిలబడు" అన్నాడు. యాభై దాటిన దాన్ని, ఉన్న బటన్ ఫోను నిక్షేపంలా పని చేస్తోంది, పడేసినా పగలదు. నేను అడగలేదు. అడగనిది ఇంత తొందరగా ఎందుకిస్తున్నాడు? కింద మరదల్ని కదిపితే కూరలు తరుగుతూ తల ఎత్తకుండా "ఏమో వదినా, మీ తమ్ముణ్ణే అడగండి" అంది. ప్రతి విషయానికీ ముందుగా నోరు విప్పే మనిషి తల ఎత్తకపోతే ఏమనుకోవాలి?

మన పక్కిల్లు కొన్న బిల్డరు దాన్ని కూల్చేశాడు. అంతస్తులు లేపుతున్నాడు. రోజూ మన గుమ్మం ముందు నిలబడి పైకి, నా గది కిటికీ దాకా చూసి వెళ్తున్నాడు. అది చెప్పాలనిపించింది. చెప్పాను.

నీ అక్క


బుధవారం, ఆస్పత్రి కుట్టు గదిలో, భోజనాల వేళ

రేడియోకి,

అక్క దీవెనలు. తమ్ముడు పట్టు విడవలేదు. నిన్న డ్యూటీ దిగే వేళకి ఆస్పత్రి గేటు దగ్గరే కాసుకుని, ఫోన్ల షాపుకి తీసుకెళ్ళాడు. అద్దాల కింద ఫోన్లన్నీ నల్లగా, పలకల్లా పడుకోబెట్టి ఉన్నాయి. నాకు అన్నీ ఒకలాగే కనిపించాయి. షాపాయన మన వయసువాడే, మర్యాదస్తుడు. "మీకు ఎలాంటిది కావాలమ్మా?" అన్నాడు.

"గట్టిగా వినబడేది కావాలి బాబూ. మిషను తొక్కుతుంటే కూడా మా చెల్లెలి మాట స్పష్టంగా వినిపించాలి. పొద్దున ప్రార్థన పెట్టుకుంటాను, వంట చేస్తుంటే వినపడాలి" అన్నాను. నాకు కావలసింది అంతే.

తమ్ముడు మధ్యలో దూరాడు. "సౌండ్ ఎలా ఉన్నా పరవాలేదండీ. తెర పెద్దది చూపించండి. ముందు కెమెరా బాగుండాలి" అన్నాడు. కొంటున్నది నాకు. నేను సౌండ్ అంటే వాడు సౌండ్ వద్దంటాడు. షాపాయన నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూశాడు.

ఆ తరవాత వాడు చేసింది విను. ఒక ఫోను నా చేతికిచ్చి, తన ఫోను తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. నా చేతిలోని ఫోనులో వాడి బొమ్మ పడింది. జేబులోంచి ఏదో కాగితం తీసి గుండెలకి ఆనించి పట్టుకుని "అక్కా, చదువు" అన్నాడు. చదవలేకపోయాను. ఇంకో ఫోను. మళ్ళీ గుమ్మం, మళ్ళీ కాగితం. ఆ ఫోనులో చదివాను, అది వాళ్ళ ప్రెస్సు చీటీ, అంతే. "ఇది చాలు" అన్నాడు, పరీక్ష నెగ్గినవాడిలా. నాకు చూపు ఎంతవరకు ఆనుతోందో, కాగితంలో ఏముందో నేను పోల్చుకోగలనో లేదో వీడికి ఎందుకు?

అంతలో షాపాయన ఆ ఫోను తెరిచి "మీ బొటనవేలు ఇక్కడ ఆనించండమ్మా" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వేలిముద్ర లేని ఫోను ఏదైనా ఉందా అని అడిగాను. "ఇప్పుడొచ్చేవన్నీ అడుగుతాయమ్మా. ఇష్టం లేకపోతే అంకెలు పెట్టుకోవచ్చు" అన్నాడు. తమ్ముడు మాత్రం "వేలే తేలికక్కా, అంకెలు మరిచిపోతావు. తొందరలో తెరుచుకోవాలి కదా" అన్నాడు.

నీకు తెలుసు కదా, మేనత్త సంగతి. కుళాయి పెట్టించడానికి అని చెప్పి వేలు పట్టించారు, ఆ కాగితంతో ఆమె వాటా పోయింది. పట్టించింది పరాయివాడు కాదు, స్వయానా ఆమె తమ్ముడు, మన చిన్నాన్న. ఆ తరవాతే గదా నాన్న మనిద్దరికీ అక్షరాల కన్నా ముందు సంతకం నేర్పాడు. నీకైతే 'అ' రాదు, పేరు మాత్రం గిలికేదానివి. ఆస్పత్రిలో హాజరుకి వేలు పెట్టే మిషను వచ్చినా, నేనొక్కదాన్నే ఇప్పటికీ సంతకం పెడతాను. సూపరింటెండెంటు గారు విసుక్కుని విసుక్కుని ఊరుకున్నారు. ఇదంతా తమ్ముడికి తెలీదా? తెలిసే నా వేలు పట్టుకున్నాడు. నిజంగానే పట్టుకున్నాడు, నెమ్మదిగా, ఆ గాజు మీదకి. నేను విడిపించుకుని బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక మెట్ల మలుపులో వాడు ఫోనులో గుసగుసగా మాట్లాడటం విన్నాను. "అక్కకి ఇంకా తెలీదు బావా. ముందు ఫోను చేతికి రానీ." నన్ను చూసి ఆపేశాడు.

బావా అన్నాడు. అంటే మీ ఆయన. అంటే నీకూ తెలుసు.

నీ అక్క


శుక్రవారం

చెల్లికి,

ఈసారి రేడియో అని రాయబుద్ధి కాలేదు. ఈ మాటలు రాసేముందు దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. మనసు నెమ్మదించాకే కలం పట్టాను.

తమ్ముడు నాకు చెప్పకుండానే ఆ ఫోను కొని, డబ్బాతో సహా నా మిషను మీద పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. వాణ్ణి పిలిచి కూర్చోబెట్టి అడిగాను.

"ఇల్లు అమ్ముతున్నారా?"

"ఏ ఇల్లు?"

"నాన్న మన ముగ్గురి పేరా రాసిన ఇల్లు."

"నీకు మతి గాని పోయిందా అక్కా!"

"మరి నా వేలెందుకురా? నా చూపు ఎందుకు పరీక్షించావు? మీ బావతో గుసగుసలు ఏమిటి?"

"ఒట్టు పెట్టించుకుంది. నేను చెప్పకూడదు. ఫోను తెరువు, నీకే తెలుస్తుంది" అన్నాడు. ఒట్టు పెట్టించుకున్నది ఎవరో నేను అడగలేదు. అవసరం లేకపోయింది.

చూడమ్మా, నాకు ఆ గది మీద మమకారం లేదు. మీ ఇద్దరికీ అవసరం వచ్చి ఉంటే, "అక్కా, నీ వాటా కావాలి" అంటే సంతకం పెట్టి ఇచ్చేదాన్ని. అమ్మ పోయాక మీకు జడలు వేసి, క్రాపులు దువ్వి బడికి పంపినదాన్ని, నన్ను అడగడానికి మీకు నోరు రాలేదా? నా బాధ ఇంటి గురించి కాదు. మీరిద్దరూ ఒకవైపు నిలబడి, నన్ను ఇంకోవైపు నిలబెట్టారు. మేనత్త వాటా పోయినందుకు ఏడవలేదట. "వాడు అడిగి ఉంటే బాగుండేది" అని ఏడ్చిందట. ఆ మాట ఇప్పుడు అర్థమవుతోంది.

ఆస్పత్రి క్వార్టర్సులో ఒక గది ఖాళీగా ఉంది. అడిగాను, ఇస్తామన్నారు. మిషను, నా బట్టలు తీసుకుని సోమవారం వెళ్ళిపోతాను. ఈ ఉత్తరం నీకు రేపటికి చేరుతుంది. ఆదివారం ప్రార్థన అవగానే నా పాత ఫోను నుంచి నేనే చేస్తాను. మీ ఆయన కాదు, నువ్వు ఎత్తు. "నాకేం తెలీదక్కా" అను. ఆ ఒక్క మాట చాలు, నమ్మేస్తాను. జలుబు గొంతుతో అయినా సరే.

అక్క


ఆదివారం, సాయంత్రం

నా రేడియోకి,

ఇందాక ఆ గాజులో నీ ముఖం ఎదురుగా ఉన్నా నేనేమీ మాట్లాడలేకపోయాను. మాట పోయింది నీకు, మూగదాన్నయింది నేను. అందుకే మళ్ళీ కలం పట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నావైపు నుంచి ఎలా ఉందో నీకు తెలియాలి.

పొద్దున చేశాను. ఎత్తావు. "చెల్లీ" అన్నాను. పలకలేదు. ఏదో గీకుతున్న చప్పుడు వినబడింది. పక్కన ఎవరికో రాసి చూపించి, నాకేం చెప్పాలో అడుగుతున్నావనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు సిగ్గు కూడా వెయ్యలేదు. "ఒక్క మాట అడిగాను. ఆ మాట కూడా అనలేవా? నోరు పడిపోయిందా నీకు?" అన్నాను. ఎవరినీ ఎప్పుడూ అనని మాట, నిన్ను అన్నాను. పెట్టేశాను.

కిందికి వెళ్ళి తమ్ముడితో "మీ చెల్లెలికి కూడా నోరు రాలేదురా. నేను రేపటిదాకా ఎందుకు, ఇవాళే వెళ్తున్నాను" అన్నాను. వాడు మెట్టు మీద అలాగే కూలబడ్డాడు. ఆ మనిషి, ప్రెస్సులో కాగితాల కట్టలు ఒంటిచేత్తో మోసే మనిషి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. "దానికి నోరు లేదక్కా. గొంతులో గడ్డ లేచింది. కోసి తీసేశారు. మాట ఇంక రాదు" అన్నాడు.

మరదలు వచ్చి నా వీపు నిమిరింది.

వాడే చెప్పాడు అంతా. ఉత్తరంలో రాస్తే అక్క నమ్మదు, బాగానే ఉన్నానంటే అసలు నమ్మదు, ఒక్కతే కూర్చుని లేనిపోనివి ఊహించుకుంటుంది, నన్ను కళ్ళతో చూస్తేనే ఊపిరి పీల్చుకుంటుంది అని ఆపరేషనుకి ముందే అన్నావట. గొంతుకున్న గొట్టం తీసి ఇంటికి పంపాకే కనిపిస్తాను, అందాకా చెప్పొద్దు అని ఒట్టు పెట్టించుకున్నావట. ఈ వారమే పంపారట. వాడి తొందర అదీ. సౌండ్ ఎందుకు వద్దన్నాడో, గుమ్మంలో నిలబడి గుండెలకి కాగితం ఎందుకు ఆనించుకున్నాడో ఇప్పుడు తెలిసింది. అన్నీ నేను చూశాను. ఒక్కటీ సరిగ్గా చూడలేదు.

వాడు డబ్బా విప్పాడు. ఏవో నొక్కాడు. నువ్వు కనిపించావు. మెడకి పూల రుమాలు, చిక్కిపోయిన బుగ్గలు, కళ్ళు మాత్రం అవే. నేను ఏడుపు ఆపుకుంటుంటే నువ్వు బడి పలక ఎత్తి గుండెలకి ఆనించుకున్నావు. బలపంతో పెద్ద పెద్ద అక్షరాలు. పొద్దున నేను విన్న చప్పుడు అదే. కనబడదని తెలిసి కూడా నాకు జవాబు రాశావు.

పలక మీద ఏముందో చదివి తమ్ముడు తల కొట్టుకున్నాడు. నువ్వు రాసింది ఇది: "అవునక్కా, నోరు పడిపోయింది. ఇక మీరిద్దరూ హాయిగా ఉండండి."

చప్పుడు లేకుండా నువ్వు నవ్వుతుంటే భుజాలు ఎలా ఎగురుతాయో నాకు ఇన్నేళ్ళూ తెలీదు. నీ మాటల జోరులో వాటినెప్పుడూ చూడలేదు. తరవాత పలక తుడిచి పక్కన పెట్టి, రెండు వేళ్ళు ఎత్తి చూపించావు. మీ ఆయనకి అర్థం కాలేదు, "రెండేమిటి?" అంటున్నాడు వెనకనుంచి. నాకు అర్థమైంది. తీరిగ్గా ఉన్నానక్కా, మాట్లాడుకుందాం.

క్వార్టర్సు గది వద్దని చెప్పేశాను. నెలాఖరుకి సెలవు ఇస్తామన్నారు, వస్తాను. నీ రుమాళ్ళకి మెత్తటి బట్ట చూసి ఉంచాను. అంచులు నేనే మడిచి కుడతాను, మెడ దగ్గర కుట్టు గుచ్చుకోకూడదు.

ఇంకొక్కటి. ఫోనుకి తమ్ముడు అంకెలు పెట్టాడు. నువ్వు మళ్ళీ చేశావు, నేను ఎత్తేలోగా నీ రింగు ఆగిపోయింది; తిరిగి చేద్దామంటే కంగారులో ఆ అంకెలు ఒక్కటీ గుర్తు రాలేదు. నేను తప్పు నొక్కుతూనే ఉన్నాను. వాణ్ణి కేకేసి పిలిచాను. "ఒరేయ్, దీనికి నా వేలు పట్టించు" అన్నాను.

వాడు నన్ను చూశాడు. "వద్దులే అక్కా, కాగితం మీద అంకెలు రాసిస్తాను" అన్నాడు.

"పట్టించరా" అన్నాను.

మొదట పట్టలేదు. సూదిపోట్లకి గరుకెక్కిన వేలు కదా, దానికి ఆనలేదు. తమ్ముడు నా బొటనవేలు తన చొక్కా అంచుతో తుడిచి, నెమ్మదిగా మళ్ళీ ఆ గాజు మీద పెట్టాడు. ఈసారి చెయ్యి లాక్కోలేదు. తెరుచుకుంది.

మిషను ఆపి కూర్చున్నాను. రెండోది ఇయ్యి.

నీ అక్క