అరిచి చెప్పలేని మాటలు

పాలకుర్తి,
2025 జులై 6, ఆదివారం.

నా ప్రియమైన బాపూ,

దుకాణం ముందు రైతులెవరైనా కూర్చుని ఉంటే, వాళ్ళను పంపించాకే ఈ ఉత్తరం విప్పు. అద్దాలు పెట్టుకుని నిదానంగా చదువు. అమ్మకు తర్వాత నువ్వే చదివి వినిపించు. ముందు మాత్రం నువ్వొక్కడివే చదువుకో.

పోయిన ఆదివారం ఇంటికి వచ్చినప్పుడే చెబుదామనుకున్నాను. పాలకుర్తికీ పెద్దవంగరకూ ఎంత దూరం గనుక! కానీ నీకు వినపడాలంటే గొంతు పెంచాలి. నేను గొంతు పెంచితే ఎదురుగా కిరాణా దుకాణంలో గట్టమ్మత్త దాకా వినిపిస్తుంది. ఇవి అరిచి చెప్పే మాటలు కావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు అందరితో "మా బిడ్డ పంతులమ్మ" అని చెప్పుకుంటావు. నేను పంతులమ్మను కాను బాపూ. ఏజెన్సీ ద్వారా తీసుకున్న ఒకేషనల్ ట్రైనర్‌ను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మామూలు చదువుతో పాటు ఒక చేతిపని కూడా నేర్పాలని పెట్టిన కోర్సు ఇది. మా బడికి ఎలక్ట్రికల్ ట్రేడు వచ్చింది. వారానికి నాలుగు పీరియడ్లు. ఇంటి వైరింగు, ఫ్యాన్లు, చివరకు కాలిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే వైండింగు. అవును, నాలుగేళ్ళుగా నేను పిల్లలకు నేర్పుతున్నది నీ పనే. బడిలో ఏం చెబుతున్నావని ఒక్కనాడూ నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ ట్రేడు ఎత్తేసేటట్టున్నారు. తొమ్మిదో తరగతిలో కనీసం ఇరవై మంది చేరితేనే నడుస్తుందని, నెలాఖరులోగా తల్లిదండ్రుల సంతకాలు పంపాలని జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నలభై ఒక్కమంది పిల్లల్లో నాకు దొరికినవి పదకొండు సంతకాలు. పిల్లలను తప్పు పట్టలేను. నా పీరియడ్లు సగం లెక్కల స్పెషల్ క్లాసులకే పోతాయి. మా హెడ్మిస్ట్రెస్ శశికళ మేడం చెడ్డ మనిషి కాదు. "స్వరూపా, నీ సబ్జెక్టుల పిల్లలు తప్పితే నన్నెవరు అడగరు. లెక్కల్ల తప్పితే పెద్ద సార్ల ముంగట నిలవడేది నేను" అంటుంది. తీగ కొనుక్కోవడానికి పద్దు కింద ఇచ్చే డబ్బు విద్యాసంవత్సరం అయిపోయే ముందు వస్తుంది. పోయిన ఏడాదంతా ఒక్క రాగి తీగనే చుట్టించి, విప్పించి, మళ్ళీ చుట్టించాను. దాని పూతంతా రాలిపోయింది. పిల్లలు దానికి 'ముసలి తీగ' అని పేరు పెట్టారు.

సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. ఒక తండాలో కమ్లీ అని ఒకామె ఉంది. ఆమె బిడ్డ దీప తొమ్మిదో తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల. కమ్లీ నాకు మంచం వాల్చి, నీళ్ళిచ్చి, మెల్లగా చెప్పింది. "నా పోరి పది పాసైతే సాలు మేడం. ఇంకో పరీచ్చ నెత్తిమీదికెందుకు? మోటర్లు మొగోళ్ళ పని."

ఆ మాట వినగానే నాకు మన దుకాణం గుర్తుకొచ్చింది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడి విడవగానే నీ పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. కాయిలుకు ఎన్ని చుట్లో నువ్వు చెప్పకముందే చెప్పేదాన్ని. ఆ రోజు ఒక త్రీఫేజు మోటారుకు తీగలు కలుపుతున్నాను. నువ్వు స్టార్టర్ నొక్కావు. చేయి ఝల్లుమని వెనక్కి పడ్డాను. లేచేలోపే నువ్వు నా రెక్క పట్టుకుని గడప దాటించి, "ఆడివిల్లవు, నీకేం పని ఈడ? ఇంట్లకు నడువ్! మల్ల మెట్టెక్కినవంటె కాళ్ళిరగ్గొడ్త" అన్నావు. తెల్లారి నా పీట మీద తమ్ముడు సాయి కూర్చున్నాడు. వాడికి ఆ పని మీద మనసే లేదు. అయినా వాడే కూర్చున్నాడు.

నేను తీగ సరిగ్గా పట్టుకోలేదని నీకు కోపం వచ్చిందో, నిజంగా ఆడపిల్లనని వద్దనుకున్నావో నేనెన్నడూ అడగలేదు. కిటికీ బయట నిలబడి నీ చేతులు చూసి నేర్చుకున్నాను. పంతానికి ఐటీఐలో చేరాను. పదిహేనేళ్ళయినా ఆ పీట నా గుండెలో ముల్లులాగే ఉంది.

హనుమకొండలో ఒక పంపుల కంపెనీ సర్వీసు సెంటర్లో ఉద్యోగం దొరికింది. కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ ఫిర్యాదులు రాసుకోవాలి. ఆగస్టు ఒకటిన చేరతానని చెప్పాను. మోటారు ముట్టుకునే పని లేదు. ఇక ముట్టుకోను కూడా. నీ మాటే గెలిచింది బాపూ.

కోపంతో రాయలేదు. వెళ్ళేముందు నీకు తెలియాలని రాశాను.

నీ బిడ్డ,
స్వరూప

*

పెద్దవంగర,
జులై 10.

బిడ్డా స్వరూపా,

నాకు బుక్కుల భాష రాదు. నేను సదివింది ఏడు. మాట్లాడినట్టే రాస్తున్న, తప్పులుంటె దిద్దుకొని సదువుకో. నీ ఉత్తరం నాలుగుమాట్ల సదివిన. మీ అమ్మకు ఇంక ఇనిపియ్యలె. ముందుగాల నీకొక ముచ్చట జెప్పాలె. గది మీ అమ్మకు గూడ తెల్వది.

ఆ దినం నువ్వు తీగె మంచిగనె పట్టుకున్నవ్. నీ తప్పు ఇసుమంత లేదు. నేను స్టార్టరు కాడికి పోతుంటె నువ్వు "బాపూ ఆగు, ఇంక అయిపోలె" అని ఒర్రినవట, నీకు యాదుందో లేదో. గట్టమ్మ ఇన్నది. సడక్ మీద పోయెటోళ్ళు ఇన్నరు. నాకే ఇనవడలె. గట్టమ్మ ఉరికొచ్చి, నా మొకంల మొకం వెట్టి తిట్టింది. "ఏం మనిషివయ్యా కట్టయ్యా, పోరి గంతగనం మొత్తుకుంటుంటె స్విచ్చి నొక్కుతవా?" అన్నది. గప్పుడు తెలిసింది నాకు.

అప్పటికే ఏడాది సంది నా చెవులు పోతున్నయ్ బిడ్డా. మీరంత నువ్వు ఐటీఐల ఉన్నప్పుడు పోయినయనుకుంటున్నరు. కాదు. అంతకన్న శాన ముందటి సంది. ఎవలకు చెప్పలె. మోటరు సప్పుడు వట్టి దాని రోగం చెప్పే పని మనది. చెవిటోనికి మోటరు ఎవడిస్తడు?

నీ చెయ్యి పట్టి సూసిన. ఏం గాలె. గని నిన్ను పక్కన కూసోవెట్టుకుంటె ఇంకోపారి నువ్వు ఒర్రినా నాకు ఇనవడదు. చెవులు పోయినయని చెప్పుడు నాకు శాతగాలె. ఆడివిల్లవు అనుడు అలకగ, సులువుగ అయ్యింది. గా మాట అందరనేదే గదా, అంటె మల్ల ఎవలు ఎందుకని అడగరు.

సాయి చేతికి నేను ఎన్నడు తీగె ఇయ్యలె. వాడు నా ముంగట కూసుండి, వచ్చినోళ్ళు చెప్పింది నా మొకం దిక్కు సూసి మల్ల చెప్పేది. వాడు భూపాలపల్లికి డ్రైవర్ కొలువుకు పోయినంక గద, నా చెవుడు ఊరందరికి తెలిసింది. నువ్వు కిటికి కాడ నిలవడేది నాకెరుకనే. నా బల్లను గటు దిప్పుకున్న. నా చేతులు నీకు కనవడాలెనని. గంతకన్న ఎక్కువ నాకు శాతగాలె.

నౌకరి నీ ఇష్టం. హనుమకొండ పోతనంటె నేనే వచ్చి బస్సెక్కిస్త. గని నా మాట గెలిచిందని రాసినవ్ సూడు, గది నా మాట కాదు, అబద్ధం. అబద్ధం పట్టుకొని నీ పని ఇడిసిపెట్టకు. ఒక్కపారి మీ పిల్లలను మన దుకాణంకు తోల్కరా. నలభై మందైనా పర్వాలె. నాట్ల టైము, కాలిన మోటర్లు వాకిలి నిండ ఉన్నయ్. కొత్త తీగె నేనిస్త.

ఇగ ఇప్పుడు మీ అమ్మకు సదివి ఇనిపిస్త. పదిహేనేండ్ల తిట్లు ఒక్కనాడే తింట.

నీ బాపు,
కట్టయ్య

*

పాలకుర్తి,
జులై 27, ఆదివారం.

బంగారు బాపూ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. రాయడానికి కూర్చుని నీ కాగితం ముందు పెట్టుకున్న ప్రతిసారీ 'బల్లను గటు దిప్పుకున్న' అన్న చోట ఆగిపోయాను.

పోయిన శనివారం కాక అంతకు ముందు శనివారం మా పిల్లలు దుకాణానికి వచ్చినప్పుడు నువ్వు నీ పనిలో ఉన్నావు. నీ వెనక ఎవరేమన్నారో నీకు వినపడలేదు. అవన్నీ నీకు దక్కాల్సిన మాటలు. అందుకని రాస్తున్నాను.

అసలు మేడం ఎలా ఒప్పుకుందో ముందు చెబుతాను. పిల్లలను బయటి పనిచోట్లకు తీసుకుపోవడానికి మాకు ఒక పద్దు ఉంటుంది. రెండేళ్ళుగా ఎవరూ ఎక్కడికీ తీసుకుపోక అది వెనక్కి పోయింది. ఎందుకు ఖర్చు పెట్టలేదో చెప్పమని మేడంకు ఆఫీసు నుంచి కాగితం వచ్చి ఉంది. నేను వెళ్ళి అడిగిందీ ఆ రోజే.

"పెద్దవంగరల వైండింగ్ దుకాణమా? ఎవలది?" అంది.

"మా బాపుది మేడం."

ఆఫీసు నుంచి వచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టింది. "మీ బాపుకు పైసలిచ్చినట్టు రాయకు మల్ల, ఆడిట్ల నా పానం తీస్తరు."

"ఆయన తీసుకోడు మేడం. వ్యాన్ కిరాయి చాలు."

"అయితె పదకొండు మందినే ఎందుకు, తొమ్మిదో క్లాసు మొత్తం తీస్కపో. నేను గూడ వస్త" అంది. బిడ్డను ఒంటరిగా పంపనని కమ్లీ కూడా వ్యాన్ ఎక్కింది. ఎర్ర చీరలో, చేతులు కట్టుకుని మూలన నిలబడిందే, ఆమె.

నువ్వు కాయిల్ చుట్టడం మొదలుపెట్టగానే పిల్లల గోల ఆగిపోయింది. బడిలో నేను బల్ల గుద్దినా ఆగని గోల అది. ఒకడు పక్కవాడితో, "తాత తీగె దిక్కు సూస్తనే లేడురా, మన దిక్కే సూస్తుండు" అన్నాడు. మేడం నా చెవిలో, "నా లెక్కల క్లాసుల గిట్ల ఎన్నడు కూసోలేదు" అంది.

తర్వాత మోటారు తయారైంది. నువ్వు స్టార్టర్ దగ్గరికి వెళ్ళి ఆగావు. వెనక్కి తిరిగి, "అందరు రెండు చేతులు పైకి లేపుండ్రి" అన్నావు. పిల్లలు ఆట అనుకుని నవ్వుతూ లేపారు. నువ్వు నవ్వలేదు. ఒక్కొక్కరి చేతులూ చూసుకుంటూ వచ్చి, చివరకు నా దిక్కు చూశావు. నేనూ లేపాను. మేడం కూడా లేపింది. అప్పుడు నొక్కావు. "మీ బాపు మస్తు జాగ్రత్త మనిషి" అని మేడం అంది. అవును మేడం అన్నాను. 

మోటారు తిరుగుతుంటే నువ్వు దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నావు. బాగానే ఉందన్నట్టు తలాడించావు. అప్పుడే దీప, "మేడం, గరగర సప్పుడస్తుంది" అంది. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల నీ దగ్గరికి పోయి, నీ మణికట్టు పట్టుకుని, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నువ్వు వెంటనే ఆపి, విప్పి చూశావు. బేరింగు పోయి ఉంది. "ఓ పోరీ, నీ చెవులు నాకిచ్చిపోరాదు!" అని నువ్వు పగలబడి నవ్వావు. పదిహేనేళ్ళ కింద నీ నోట రాని మాటను నలభై మంది ముందు నవ్వుతూ చెప్పావు. వెనక అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అదీ నువ్వు చూడలేదు.

అప్పుడు కమ్లీ మూలన నిలబడే తన భాషలో బిడ్డతో ఏదో అంది. వ్యాన్‌లో నేను దీపను అడిగాను, "మీ యాడి ఏమన్నదే?" అని. దీప సిగ్గుపడుతూ చెప్పింది. "మా తండాల మోటరు కాలితె మూడొద్దులు మెకానిక్కు కోసం సూడాలె మేడం. గంతల నారు ఎండిపోతది. నువ్వు నేర్చుకుంటె మనమెవలి కోసం సూసుడుండదు అన్నది."

సోమవారం పొద్దున బడి గేటు తీయకముందే కమ్లీ వచ్చి నిలబడింది. మేడం ఇంకు ప్యాడు ముందుకు తోస్తే పక్కకు జరిపి, "నా పేరు రాసుడు నాకస్తది" అని, నాలుకను పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం రాసింది. ఆ రెండు అక్షరాలకు ఎంతసేపు పట్టిందో, మేడం అంతసేపూ కాగితం కదలకుండా పట్టుకుంది.

మొత్తం ఇరవై ఆరు సంతకాలు వచ్చాయి. శుక్రవారం మేడం కాగితాలు తీసుకుని స్వయంగా జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. "ఈ ఏడాది నడుపుకోండి, వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం" అన్నారట. అంతే బాపూ, పెద్ద గెలుపేమీ కాదు. వచ్చే జూన్‌లో మళ్ళీ ఇదే పరుగు. తీగ పద్దు ఇంకా రాలేదు, నువ్విచ్చిన తీగ చుట్టతోనే నడిపిస్తున్నాను. లెక్కలకు పోయిన పీరియడ్లు తిరిగి అడిగితే మేడం, "మీటింగుల ఎవలేమన్నా నేను పడ్త తియ్" అని మొత్తం నాలుగూ ఇచ్చేసింది. హనుమకొండ వాళ్ళకు రానని ఫోన్ చేసి చెప్పాను.

ఇంకొక్క మాట ఉంది. అందరూ వ్యాన్ ఎక్కుతుంటే దీప వెనక్కి పరుగెత్తి నీ దగ్గరికి వచ్చింది, గుర్తుందా? అప్పటికే నువ్వు ఇంకో మోటారు ముందేసుకున్నావు. ఆ పిల్ల నీ భుజం మీదికి వంగి, "తాతా, మా మేడంకు పని నేర్పింది నువ్వేనా?" అని అడిగింది. నీకు ఏం వినపడిందో తెలియదు. చాయ్ తాగడం అయిందా అని అడిగిందనుకున్నావేమో. తల ఎత్తకుండానే, "ఆఁ బిడ్డా, ఎప్పుడో అయ్యింది" అన్నావు.

నేను పక్కనే ఉన్నాను. సరిచేయలేదు.

నీ బిడ్డ,
స్వరూప