తెల్ల కాగితం కింద పన్నెండు వరుసలు

ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దదాన్ని, యాభై ఏడేళ్ళదాన్ని, పెళ్ళి కానిదాన్ని, ఆర్కెస్ట్రాకు రెండో కండక్టర్‌ని అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, ఉదయపు ప్రార్థన ముగించుకుని, తెలివి సవ్యంగా ఉండగా రాస్తున్న వీలునామా ఇది. అలసట ఒంటికే గాని మతికి లేదు. జూన్ ఇరవై, మంగళవారం నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. ఒకసారే చెప్పి ఉంటే ఇది రాసేదాన్ని కాదు. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత చెల్లెలిది. తమ్ముడు మంచివాడే, కాని చదవకుండా సంతకం పెట్టే మనిషి. చెల్లెలు చదివి, ఇంకొకరితో చదివించి, అప్పటికీ పెట్టదు.

2. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, వంటింటి సామానుతో సహా, చెల్లెలికి చెందుతుంది. స్నానాలగది కుళాయిని గట్టిగా తిప్పకూడదు. నెమ్మదిగా చెబితే వింటుంది.

3. నా పియానో తమ్ముడికి. వాడికి వాయించడం రాదు. నలభై నాలుగో ఏట సాయంత్రం తరగతిలో చేరి కండక్టింగ్ నేర్చుకుంటున్నానని చెప్పినప్పుడు, "ఈ వయసులో కర్ర ఊపడమేంటక్కా? అంతగా ఊపాలనుంటే నాలుగురోడ్ల కూడలిలో నిలబడు, బళ్ళయినా ఆగుతాయి" అన్నాడు. భోజనాల దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట పదమూడేళ్ళు మోశాను. పియానోను వాడు మూడంతస్తులు దింపి మోసుకెళ్ళాలి. ఆ ఏడు చలికాలమంతా తరగతి నుంచి నన్ను స్కూటర్ మీద ఇంటికి చేర్చింది కూడా వాడేనని ఇక్కడ రాయడం న్యాయం.

4. కచేరీ నల్లకోటు కింది అంతస్తు దర్జీ అమ్మాయికి. చెయ్యెత్తితే చంక దగ్గర పట్టేస్తోందని మూడుసార్లు విప్పి కుట్టింది. మూడోసారి, "ఆంటీ, మీరు కచేరీకి వెళ్తున్నారా, కుస్తీకా?" అని అడిగింది. జవాబు నాకూ తెలియదు.

5. నా కర్రలు నాలుగూ, మొదటి ఏడాది పాఠ్యపుస్తకాలూ సాయంత్రం తరగతికి. నలభై దాటి చేరినవాళ్ళకు ముందు ఇవ్వాలి. వాళ్ళు చివరి బెంచీలో కూర్చుంటారు, అడగరు.

6. ఆర్కెస్ట్రా ప్రతుల గదిలో పనిచేస్తూ మూడేళ్ళ కిందట ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి నా వాలుకుర్చీ, గోడ గడియారం, బీరువాలోని సంగీత పుస్తకాలన్నీ. చెవి మీద ఎప్పుడూ రెండు పెన్సిళ్ళుంటాయి గనుక అందరూ ఆయన్ని పెన్సిల్‌గారంటారు.

కారణం రాయాలి. ఆయనకంటే ముందు ఆ గదిలో పందొమ్మిదేళ్ళు పనిచేసింది నేను. వాయించే ప్రతి ఒక్కరికీ తమ వంతు సంగీతం రాసి ఉన్న కాగితాలుంటాయి. వాటిని దిద్దడం, సర్దడం, కచేరీ రోజు స్టాండ్ల మీద పెట్టడం ఆ గది పని. అప్పటి పెద్ద కండక్టరుగారు ఒక సింఫనీ చివరి భాగంలో కొంత వద్దన్నారు. అందరి ప్రతుల్లోనూ ఆ వరుసల మీద తెల్ల కాగితం అంటించాను. ఆయన వెళ్ళిపోయాక, తర్వాత వచ్చినవారు తీసేయమన్నారు. ఆవిరి పట్టి వయొలిన్లవీ, చెల్లో వాద్యాలవీ తీశాను. ఫ్లూట్లూ బాకాలూ ఊదేవాళ్ళవి మిగిలాయి. పన్నెండేసి వరుసలు. రేపు చూద్దామనుకున్నాను.

యాభై నాలుగో ఏట నాకు తొలిసారి పూర్తి కచేరీ ఇచ్చారు. అదే సింఫనీ. రిహార్సళ్ళు అద్దె ప్రతులతో జరిగాయి. గడువు తీరి అవి వెనక్కి పోవడంతో కచేరీకి మా పాతవే బయటికి తీశారు. "ఒకసారి అన్నీ తిరగేస్తానమ్మా" అన్నారు పెన్సిల్‌గారు. "అక్కర్లేదండీ, నేను సర్దినవే" అన్నాను. ఊదేవాళ్ళు కాగితం చూసి, కొత్త కండక్టరమ్మ చివరి నిమిషంలో కోసేసిందనుకున్నారు. వయొలిన్లు తిన్నగా పోయాయి, ఊదేవాళ్ళు పన్నెండు వరుసలు దూకేశారు. నిండిన హాలు ముందు నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టించి చివరిదాకా వాయించాం. చప్పట్లు కూడా కొట్టారు, జాలిగా.

తప్పెవరిదని ఆర్కెస్ట్రా కమిటీ అడిగినప్పుడు నేను తల దించుకున్నాను. పెన్సిల్‌గారు నావైపు చూసి, "గదిలోంచి బయటికెళ్ళిన కాగితం బాధ్యత గదిదేనండీ" అన్నారు. తప్పు తనదేనని వాళ్ళు రాసిచ్చిన పత్రం మీద సంతకం పెట్టారు. ఆయన ఉద్యోగం పోయింది. నాకు తర్వాత పదకొండు కచేరీలొచ్చాయి. ఇంత ఆలస్యంగా వచ్చినదాన్ని, నాకు రెండో అవకాశం ఇవ్వరని భయపడ్డాను. రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటూనే ఉన్నాను. దేవుడు విన్నాడు. కాని ఆయన కమిటీలో లేడు.

కనుక ఆ తప్పు పూర్తిగా నాదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. నేను పోయాక పెన్సిల్‌గారి పేరు మీది మచ్చ తుడిచేయాలని కమిటీని కోరుతున్నాను.

7. పై అంశం రాసి రెండు రోజులు బల్ల మీద ఉంచాను. "నేను పోయాక" దగ్గర చూపు ఆగిపోతోంది. నేను బతికితే ఆయనకు నష్టమన్నమాట. అందుకని నిన్న అదంతా ఉత్తరంగా రాసి కమిటీ కార్యదర్శి చేతికిచ్చాను. "ఇప్పుడెందుకండీ ఇదంతా, వచ్చే సీజన్ పోస్టర్ల మీద మీ పేరేసేశాం" అన్నారు. తీసేయమన్నాను. తీసేస్తారు. పెన్సిల్‌గారిని పిలిచి మాట్లాడతామన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

అక్కడినుంచి నేరుగా పెన్సిల్‌గారింటికి వెళ్ళి ఇది చదవమన్నాను. గుమ్మంలోనే నిలబడి చదివారు. "కాగితం ఎవరంటించారో నాకు ఆ రోజే తెలుసమ్మా. మూలలు గుండ్రంగా కత్తిరించేది మీరొక్కరే" అన్నారు. మరి చెప్పలేదేమని అడిగాను. "మీరు చెబుతారనుకున్నాను" అన్నారు. దీనికి సాక్షిగా వస్తారా అని మాత్రం అడగగలిగాను.

8. ఈ ఉదయం ఆయన వచ్చారు. వీలునామాలో ఏదైనా పొందేవారు సాక్షి సంతకం పెడితే ఆ కానుక చెల్లదని లాయరుగారు అన్నారు. కుర్చీ కావాలో, సంతకం కావాలో తేల్చుకోమన్నారు. పెన్సిల్‌గారు తేల్చుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. "చెయ్యనిదానికి ఒకసారి సంతకం పెట్టాను. చూసినదానికి ఒకసారి పెట్టనివ్వండి" అన్నారు.

కాబట్టి ఆరో అంశంలోని కానుకలు రద్దు. అవి చెల్లెలికి పోతాయి. ఆ అంశంలోని మిగతా ప్రతి మాటా నిలిచి ఉంటుంది.

రెండు వేల ఇరవై మూడు, జూన్ పద్నాలుగు, బుధవారం, ఉదయం పది గంటలకు, కింది ఇద్దరూ చూస్తుండగా నా చేత్తో సంతకం చేశాను.

(సంతకం)
పెద్దక్క

సాక్షులు:
ఒకటి. ఎదురింటి బడిపంతులు.
రెండు. పెన్సిల్‌గారు. హోదా ఆయనే రాసుకున్నారు: ఆర్కెస్ట్రా ప్రతుల గది బాధ్యుడు, మూడేళ్ళుగా ఇంటి దగ్గర.