పురుగుమందు డబ్బాలో రాగిపిండి

సదుం, ఆదివారం రాత్రి, 1982

నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. టమాటా తోటకు కొట్టిన పురుగుమందు ఖాళీ డబ్బాను ఈ పిల్ల తల్లి, నా కోడలు రత్నమ్మ బూడిదతో తోమి, రాగిపిండి పోసింది. చూడగానే పిండినంతా గుంతలో పూడ్చేశాను.

"మూడుతూర్లు కడిగినా కదత్తా, వాసన గూడా లేదే!" అని ఏడ్చింది.

"వాసన పోతే విషం పోతాదా? సంకలో బిడ్డ పాలు తాగతాండాడు. నువ్వూ నా మాదిరి ముసిలిదానివి కావాల గదా తల్లీ," అని తల నిమిరాను.

మొన్న వ్యవసాయ ఆఫీసరు చెప్పేదాకా నాకూ తెలియదు. రత్నమ్మ కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ అలాంటి డబ్బాలో ఉప్పుతోనే వండిపెట్టాను. బిడ్డ బాగానే ఉన్నాడు, అయినా...

మనవరాలు పెన్ను ఆపింది.

"రాయవే. రేపు మీయమ్మకు నువ్వే సదివి సెప్పాల. నేను పక్కనే కూసుంటా."